గోపురం కొసకు ఎన్ని మిల్లీమీటర్లు?

మా నాయన స్నేహితుడొకాయన ప్రొద్దుటూరులో చాలా ఏండ్లు ఫోటో స్టూడియో నడిపారు. నేను ఆయన్ని పెద్దనాయనా అని పిలుస్తాను. స్టూడియో మూసేశాక స్టాండు కెమెరా అమ్మేశారు గానీ లెన్స్ మాత్రం పాత పంచె ముక్కలో చుట్టి బీరువాలో దాచుకున్నారు. ఇత్తడి గొట్టం, 18 సెంటీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (దూరపు వస్తువు పదునుగా పడాలంటే లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య ఉండాల్సిన దూరం), ఎఫ్/4.5, షట్టర్ లేదు. మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి, మూత పెట్టేయడమే. నేను పెద్ద ఫిల్ము మీద ఫోటోలు తీస్తున్నానని తెలిసి ఒకరోజు పిలిచి ఆ లెన్స్ నా చేతిలో పెట్టారు.

"ఒరే, ఇది హాఫ్ ప్లేటు నిండా పడుతుంది. ముప్పై ఏండ్లలో ఒక్క మూల గూడా నల్లగా రాలేదు" అన్నారు. హాఫ్ ప్లేటంటే పాత స్టూడియోల ఫిల్ము కొలత ఒకటి.

ఆయన చెప్పింది నిజం. అదే లెన్స్‌ను అరువు తెచ్చుకున్న హాఫ్ ప్లేట్ కెమెరాకు బిగించి ఒంటిమిట్ట కోదండరామాలయం తూర్పు గోపురానికి ఎదురుగా, వీధిలో బాగా వెనక్కి నిలబెడితే నాలుగు మూలలూ నల్లగా వచ్చాయి. అదీ నిజమే. హాఫ్ ప్లేటు కొలతకు ఇప్పుడు ఫిల్ము సులువుగా దొరకదు కాబట్టి ప్రింటు కాగితాన్నే కత్తిరించి నెగెటివ్‌గా వాడాను. ఇంట్లో కడప బండతో కట్టించుకున్న తొట్టిలో ఆ కాగితాన్ని డెవలప్ చేస్తుంటే, గోపురం మధ్యలో చక్కగా తేలుతూ వచ్చింది గానీ నాలుగు మూలల్లో కాగితం తెల్లగానే ఉండిపోయింది. నెగెటివ్‌లో తెలుపంటే ఫోటోలో నలుపు. చాలా బాధేసింది. తెల్లారకముందే కడపలో బయల్దేరి, ఎండ గోపురం మీద పడేదాకా కాచుకుని తీసిన బొమ్మ అది.

ముప్పై ఏండ్లు ఒక్క మూల కూడా పోని లెన్స్ ఆరోజే ఎందుకు అలా చేసిందన్న ప్రశ్న వెంట పడితే, లెన్స్ కవరేజ్ (లెన్స్ వేసే బొమ్మ ఎంత మేర పడుతుందన్నది) గురించి మా వాళ్ళంతా చేసే వాదనల్లో చాలా భాగం తప్పు చోట మొదలవుతోందని నాకు అర్థమైంది. కడప, అనంతపురం, కర్నూలు మూడు జిల్లాల్లో కలిపి పెద్ద ఫిల్ము వాడేవాళ్ళం చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎప్పుడు కలిసినా మాట "ఏ లెన్స్‌కు ఎక్కువ కవరేజ్" దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆ ప్రశ్నకు ఒంటరిగా జవాబు లేదనేది నా వాదన. ఏ ఫిల్ము మీద, ఎంత దూరంలోని దేన్ని, ఏ కెమెరాతో తీస్తున్నామో చెప్పకుండా రెండు లెన్స్‌ల కవరేజ్ పోల్చడం, కొలతల్లేకుండా గుడ్డ కొనడంలాంటిది.

ముందు అసలు సంగతి. లెన్స్ వేసే బొమ్మ గుండ్రంగా ఉంటుంది. దాన్ని ఇమేజ్ సర్కిల్ అంటారు, నేను వలయం అంటాను. మన ఫిల్ము ఆ వలయంలో ఇమిడితే మూలలు వెలుగుతాయి, బయటికి పోతే నల్లబడతాయి. 4×5 అంగుళాల ఫిల్ములో బొమ్మ పడే చోటు దాదాపు 95×120 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకు సుమారు 153. హాఫ్ ప్లేటు నాలుగుముప్పావు ఇంటూ ఆరున్నర అంగుళాలు, మూల నుంచి మూలకు 204. అంటే వలయం వ్యాసం కనీసం అంత ఉండాలి.

నిజానికి వలయాలు రెండు. వెలుగు పడేంత మేర ఒకటి, బొమ్మ పదునుగా ఉండేంత మేర దాని లోపల ఇంకొకటి. లెన్స్ తయారీదారులు కాగితాల్లో ఇచ్చే అంకె చాలావరకు రెండోదానికి. అదీ ఎఫ్/22 దగ్గర, అంటే లెన్స్‌లో వెలుగు పోయే రంధ్రాన్ని (అపర్చర్) బాగా చిన్నది చేసి, ఫోకస్ అనంత దూరానికి పెట్టినప్పుడు. అపర్చర్ పూర్తిగా తెరిస్తే గొట్టం అంచులే పక్క వెలుగుకు అడ్డం వచ్చి వలయం కుంచించుకుపోతుంది. ఎఫ్/5.6లో ఫోకస్ చేస్తూ "మూలలు చీకటిగా ఉన్నాయే" అని లెన్స్‌ను తిట్టుకునేవాళ్ళు ఒకసారి అపర్చర్ మూసి చూడాలి.

దగ్గరి వస్తువుకు ఫోకస్ చేస్తే వలయం పెరుగుతుంది. గోడ మీద టార్చి వేసి వెనక్కి నడిస్తే వెలుగు గుండ్రం పెద్దదైనట్టే, లెన్స్ ఫిల్ముకు దూరం జరిగిన కొద్దీ వలయం పరుచుకుంటుంది. వస్తువు ఎంతుందో ఫిల్ము మీద బొమ్మ అంతే పడేంత దగ్గరికి వెళ్తే వలయం రెండింతలవుతుంది.

పెద్దనాయన లెన్స్‌ను నేను కొలిచాను. ఎఫ్/22లో, దూరపు కొండకు ఫోకస్ పెడితే వలయం 190 మి.మీ. దగ్గర తేలింది. హాఫ్ ప్లేటుకు కావలసింది 204. ఒక్కో మూల దగ్గర 7 మి.మీ. తక్కువ. స్టూడియోలో స్టూలు మీద కూర్చున్న మనిషిని ఐదడుగుల దూరం నుంచి తీస్తే అదే వలయం 215 అవుతుంది. మూలలు నిండుగా వెలుగుతాయి. ముప్పై ఏండ్లు ఆయన తీసింది ఆ ఫోటోలే.

ఈ లెక్క చెప్పినప్పుడు పెద్దనాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెండ్లి గ్రూపు ఫోటోలకు దీన్ని పీకేసి ఇంకొక పొడుగు లెన్సు పెట్టేవాణ్ణి. బయట తీసేటప్పుడు ఇది వద్దని మా గురువు చెప్పినాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు" అన్నారు. ఆలప్పుళలో తయారైన వాగీశ్వరి కెమెరాలు దక్షిణాది స్టూడియోల్లో తిరిగిన కాలంలో ఈ విద్యంతా ఇలా నోటి మాటగానే సాగింది. అంకెలు తెలియకపోయినా, దేనికి ఏది పెట్టాలో వాళ్ళకు తెలుసు. మాకిప్పుడు అంకెలన్నీ తెలుసు. వాళ్ళు అడిగిన ప్రశ్న, అంటే "దేన్ని తీస్తున్నావు?" అన్నది, మేం అన్నిటికన్నా చివర అడుగుతున్నాం.

ఒంటిమిట్టలో కాగితం మీద ఓడిపోయిన ఆ లెన్స్‌నే నా 4×5 చెక్క కెమెరాకు బిగించాను. ఫిల్ము చిన్నదైంది కాబట్టి వలయంలో చోటు మిగిలింది. మిగిలిన ఆ చోటే అసలు ఆస్తి అని నా నమ్మకం. ఎందుకంటే గోపురాన్ని తీయాలంటే కెమెరాను పైకి ఎత్తి చూడకూడదు. ఎత్తితే గోపురం వెనక్కి వాలినట్టు, కొస సన్నబడినట్టు వస్తుంది. కెమెరాను నిటారుగానే ఉంచి లెన్స్‌ను మాత్రం పైకి జరపాలి. దీన్నే రైజ్ అంటారు. లెన్స్ పైకి పోతే వలయం కూడా దాంతో పోతుంది, ఫిల్ము వలయం కింది అంచు వైపు చేరుతుంది. ఎంత జరపగలమన్నది మిగిలిన చోటును బట్టే ఉంటుంది. 190 వలయంలో నిలువు ఫిల్ముకు 22 మి.మీ. రైజ్ దొరుకుతుంది.

ఇరవై రెండు మిల్లీమీటర్లంటే గోపురం మీద ఎంత? ఫిల్ములో సగం ఎత్తు 60, దానికి 22 కలిపి, ఫోకల్ లెంగ్త్ 180తో భాగించి, గోపురం దాకా ఉన్న దూరంతో గుణించాలి. 30 మీటర్ల దూరంలో ఉంటే, కెమెరా ఎత్తుకు పైన 13.7 మీటర్ల దాకా కనబడుతుంది. 60 మీటర్లు వెనక్కి పోగలిగితే 27. ఈ చిన్న లెక్క నేర్చుకున్నాక కవరేజ్‌ను మిల్లీమీటర్లలో ఊహించుకోవడం మానేశాను. గోపురం మీద మీటర్లలో లెక్కపెడుతున్నాను.

ఒంటిమిట్ట వీధిలో త్రిపాది పెట్టుకుని అడుగులు కొలుస్తుంటే ఒకాయన వచ్చి, "ఏమన్నా, సర్వే చేస్తాండారా? రోడ్డు వెడల్పు చేస్తారా?" అని టెన్షన్‌గా అడిగాడు. ఫోటో కోసం అని చెప్పి నల్లగుడ్డ కప్పి, కెమెరా వెనక బొమ్మ పడే గరుకు గ్లాసు చూపించాను. తలకిందులుగా ఉన్న గోపురాన్ని చాలాసేపు చూసి, "పైది ఇంకొంచెం కనబడాల" అన్నాడు. కావలసిందేమిటో ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

పైది కనబడాలంటే, వెనక్కి పోయే చోటు లేకుంటే, వైడ్ లెన్స్ కావాలి. 4×5కు 90 మి.మీ. లెన్స్ అందరూ వెతికేదే. మా వాళ్ళ వాదనలన్నీ ఇక్కడే వేడెక్కుతాయి. తయారీదారుల అంకెలు ఇవి: ష్నైడర్ సూపర్ ఆంగులాన్ ఎఫ్/8 వలయం 216, రోడెన్‌స్టాక్ గ్రాండగాన్-ఎన్ ఎఫ్/6.8 వలయం 221, నికాన్ నిక్కోర్-ఎస్‌డబ్ల్యూ ఎఫ్/8 వలయం 235, సూపర్ ఆంగులాన్ ఎక్స్ఎల్ 259. అన్నీ 90లే, అన్నీ 4×5ను కప్పి ఇంకా చోటు మిగిల్చేవే. నిలువు ఫిల్ముకు రైజ్‌గా మారిస్తే వరసగా 37, 40, 47, 60 మి.మీ. గోపురానికి 30 మీటర్ల దూరంలో నిలబడితే మొదటిదానితో 32 మీటర్ల ఎత్తు దాకా, నిక్కోర్‌తో దాదాపు 36 దాకా కనబడుతుంది. పెద్దనాయన లెన్స్‌తో అక్కడి నుంచే 13.7 దగ్గర ఆగిపోయాం. పొట్టి ఫోకల్ లెంగ్త్ లెన్స్‌లో ప్రతి మిల్లీమీటరు రైజ్ గోపురం మీద రెండింతలు పనిచేస్తుంది. 18 సెంటీమీటర్లదాన్నీ 9 సెంటీమీటర్లదాన్నీ వలయం అంకెతో మాత్రమే పోల్చేవాళ్ళు ఈ సంగతి వదిలేస్తారు.

ఇంత చిన్న ఫోకల్ లెంగ్త్‌కు ఇంత పెద్ద వలయం ఊరికే రాలేదు. 1902లో జర్మనీలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెస్సార్ రకం లెన్స్ మధ్యలో చక్కటి పదును ఇస్తుంది గానీ సుమారు 60 డిగ్రీలకు మించి పరుచుకోదు. పాత స్టూడియోల్లో తిరిగిన ఎఫ్/4.5 లెన్స్‌లలో చాలావాటికి అదే నమూనా. 1946లో రష్యన్ ఇంజనీరు మిఖాయిల్ రుసినోవ్ ముందూ వెనకా లోపలికి వంగిన పెద్ద గాజులు పెట్టే పద్ధతి తెచ్చాడు. పక్క నుంచి చూసినప్పుడు అపర్చర్ రంధ్రం సన్నబడకుండా ఇంకా విచ్చుకున్నట్టు కనబడుతుంది. సూపర్ ఆంగులాన్, గ్రాండగాన్, నిక్కోర్-ఎస్‌డబ్ల్యూలన్నీ ఆ దారిలో వచ్చినవే. కాబట్టే 100 డిగ్రీలు దాటగలిగాయి.

అలాగని 259 వలయం ఉన్నదాన్నే కొనమని నేను చెప్పను. నా చెక్క కెమెరాకు 90 లెన్స్ బిగిస్తే బెల్లోస్ (లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య ఉండే మడతల గొట్టం) అంతా నొక్కుకుపోయి బిగుసుకుంటుంది. బలవంతం చేసినా 25 మి.మీ. దాటి రైజ్ ఇవ్వదు. దానికి మెత్తటి సంచిలాంటి బెల్లోస్ వేరే కావాలి, అది నా కెమెరాకు దొరకలేదు. అంటే 37 ఇచ్చే లెన్స్ అయినా 60 ఇచ్చే లెన్స్ అయినా నాకు దక్కేది 25. లెన్స్ ఎంత ఇస్తుంది, కెమెరా ఎంత జరగనిస్తుంది, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే మన కవరేజ్. ఒక మిత్రుడు అప్పు చేసి పెద్ద వలయం ఉన్న లెన్స్ కొన్నాడు. అతని కెమెరా బెల్లోస్ కూడా నాదాని లాంటిదే. ఆ డబ్బు ఫిల్ముకు పెట్టి ఉంటే ఎన్ని గోపురాలు తీసేవాడో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మిగిలిన వలయం ఉట్టినే కూర్చోదు కూడా. ఫిల్ము మీద పడని వెలుగంతా బెల్లోస్ లోపలి గోడలకు తగిలి తిరిగొచ్చి నీడల్ని పలచన చేస్తుంది. మా రాయలసీమ ఎండలో, తెల్లటి ఆకాశం సగం నిండిన బొమ్మలో ఇది బాగా తెలుస్తుంది. లెన్స్ ముందు ఎండకు అడ్డంగా మంచి గొడుగు (హుడ్) పెట్టాలి. వలయం అంచుకు పోయే కొద్దీ వెలుగు తగ్గడం ఇంకొకటి. సాధారణ లెక్కలో మధ్య నుంచి 50 డిగ్రీల పక్కన వెలుగు ఆరో వంతుకు పడిపోతుంది. రుసినోవ్ తరహా లెన్స్‌లు దాన్ని పావు వంతు దగ్గర నిలబెడతాయి, అంతే. పూర్తిగా రైజ్ ఇచ్చి తీస్తే ఆకాశం మూలలు నల్లబడతాయి. నలుపు తెలుపులో మా ఎండాకాలపు ఆకాశానికి అది ఒక్కోసారి మేలే చేస్తుంది. ప్రింటులో ఆకాశాన్ని నేను ఎలాగూ కొంచెం ముదురు చేస్తాను.

కాగితం నెగెటివ్‌ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మా అనంతపురం పొరుగునే ఉన్న హంపిని 1856 ప్రాంతంలో బ్రిటిష్ సైనికాధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా మైనం పట్టించిన కాగితం నెగెటివ్‌ల మీద తీశాడు. అడుగుకు మించిన వెడల్పున్న కాగితాలవి. అంత కాగితాన్ని నింపే లెన్స్‌ను, కెమెరాను మోసుకుంటూ ఆ బండల మధ్య తిరగడం ఊహించుకుంటే నాకు గౌరవంతో మాట రాదు.

ఇక గండికోట. కవరేజ్ గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం అక్కడిదే. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుపోయిన లోయ అంచున నిలబడి, కాళ్ళ దగ్గరి బండ నుంచి అవతలి గట్టు దాకా అంతా పదునుగా రావాలనుకున్నాను. అందుకు లెన్స్‌ను ముందుకు వంచాలి. దాన్ని టిల్ట్ అంటారు. కెమెరా నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటే 150 లెన్స్‌ను సుమారు 5.7 డిగ్రీలు వంచితే నేలంతా ఫోకస్‌లోకి వస్తుంది. అంత వంచితే వలయం ఫిల్ము మీద 15 మి.మీ. పైకి జరుగుతుంది. అవతలి గట్టు పైన ఆకాశం కనబడాలని లెన్స్‌ను 20 మి.మీ. పైకి కూడా జరిపాను. వలయం మళ్ళీ పైకే. మొత్తం 35. నా 150 లెన్స్ వలయం 210, నిలువు ఫిల్ముకు అది ఇచ్చేది 33 చిల్లర. గ్లాసు మీద కింది మూలలు, అంటే ఫోటోలో పై మూలలు, ఆకాశం ఉన్న చోటే చీకటైపోయాయి.

వెంటనే ఇంకా పెద్ద వలయం ఉన్న 150 కోసం వెతకడం మొదలుపెట్టాను. కొన్ని వారాల తర్వాత తట్టింది: లోయలో నిటారు గీత ఒక్కటీ లేదు. గోపురానికి నిటారుగా నిలిచిన అంచులున్నాయి కాబట్టి కెమెరాను నిటారుగా ఉంచాలి. బండలకు ఆ కట్టుబాటు లేదు. లెన్స్ పైకి జరపడం మానేసి కెమెరాను మొత్తంగా కొంచెం పైకి ఎత్తి చూస్తే ఆ 20 మి.మీ. ఖర్చే ఉండదు. రెండోసారి వెళ్ళి అలాగే తీశాను, అదే లెన్స్‌తో. మూలలు నిండుగా వచ్చాయి. కొనాలనుకున్న లెన్స్ కొనలేదు.

గోపురం ముందైనా లోయ ముందైనా రైజ్ ఇచ్చి ముందుకు టిల్ట్ కూడా చేస్తే రెండూ వలయాన్ని పైకే తోస్తాయి, ఖర్చు కలుస్తుంది. లెన్స్‌ను కిందికి దించి టిల్ట్ చేస్తే ఒకటి కిందికి, ఒకటి పైకి తోసి ఖర్చు కొంత చెల్లుతుంది. కొలతల కాగితంలో ఉండే ఏ అంకె చూసినా ఇది తెలియదు.

ఇంకొక పోలిక. 300 మి.మీ. లెన్స్‌లలో చిన్నవి రెండు పేరున్నవి: నిక్కోర్-ఎం ఎఫ్/9 వలయం 325, ఫ్యుజినాన్-సి ఎఫ్/8.5 వలయం 380. నా 4×5కు రెంటిలో ఏదైనా ఒకటే, రెండూ అవసరానికి చాలా మించినవే. 8×10 అంగుళాల ఫిల్ముకు మూల నుంచి మూలకు 312 కావాలి. అక్కడ మొదటిది నిలువు ఫిల్ముకు 8 మి.మీ. రైజ్ ఇస్తుంది, రెండోది 41. ఒకరికి లెక్కలోకే రాని తేడా ఇంకొకరికి మొత్తం బొమ్మే.

కొనేముందు చూసుకునే పద్ధతి పెద్దనాయనకూ తెలుసు, నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గ్రౌండ్ గ్లాసు మూలలు కత్తిరించి ఉంటాయి. దూరంగా ఫోకస్ పెట్టి, తీయబోయే అపర్చర్‌కు మూసి, రైజ్ ఇచ్చి, ఆ మూల కంతలోంచి కన్ను పెట్టి లెన్స్ వైపు చూడాలి. అపర్చర్ రంధ్రం నిండుగా కనబడితే ఆ మూలకు వెలుగు అందుతుంది. అంచు కోసుకుపోయి పిల్లి కన్నులా కనబడితే అక్కడే ఆగాలి. ఇది వెలుగు సంగతే చెబుతుంది. పదును తెలియాలంటే ఒక ఫిల్ము ఖర్చు పెట్టక తప్పదు. నేనైతే మెడికల్ షాపులో దొరికే ఎక్స్‌రే ఫిల్మును కత్తిరించి పరీక్షలకు వాడతాను. ఎర్ర దీపం వెలుగులో చూసుకుంటూ డెవలప్ చేయొచ్చు.

ఇప్పుడు నా ప్రతి లెన్స్ బోర్డు వెనకా పెన్సిల్‌తో అంకెలు రాసుకుంటున్నాను. 4×5కు నిలువుగా ఎంత రైజ్, అడ్డంగా ఎంత, నా కెమెరా ఎంత జరగనిస్తుంది. వచ్చే నెల తాడిపత్రి వెళ్ళాలి. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయంలో కట్టడం పూర్తికాని గోపురాల మీది శిల్పాల్ని దగ్గరగా తీయాలని. అడుగుల దూరంలో పని కాబట్టి పెద్దనాయన లెన్స్ వలయం 220 దాటుతుంది, 4×5కు ఎంత జరిపినా చాలు.

ఆ బోర్డు మీద రాస్తుంటే పెద్దనాయన పక్కన కూర్చుని చూస్తున్నారు. "హాఫ్ ప్లేటుకు ఎంత దూరం వరకు పనికొస్తుందో అది గూడా రాయి" అన్నారు. లెక్క వేశాను. వలయం 204కు పెరగాలంటే మనిషి 2.6 మీటర్ల లోపల ఉండాలి, ఎనిమిదిన్నర అడుగులు.

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. స్టూడియో గదిలో స్టూలు వెనక పరదా, కెమెరా వెనక గోడ. ఆ గోడకు ఆనుకుని నిలబడి నల్లగుడ్డ కప్పుకుంటే, లెన్స్ నుంచి స్టూలుకు ఎనిమిదడుగులు. అంతకు మించి వెనక్కి పోయే చోటే లేదు.

"గోడ అడ్డముండేది" అన్నారు.

ఆయన చెప్పినట్టే పెన్సిల్‌తో రాశాను: హాఫ్ ప్లేటు, ఎనిమిదడుగులు.